కుట్టు మిషన్ ఇచ్చారు సరే, జేబు మీద పేరు ఎవరు కుట్టాలి?

ఏప్రిల్ 14 వచ్చిందంటే మన పేటలకి కుట్టు మిషన్లు వస్తాయి. ఏ పార్టీ గద్దె మీద ఉన్నా ఇదే తంతు. బాబాసాహెబ్ విగ్రహానికి దండ, ఎదురుగా షామియానా, దాని కింద రిబ్బన్లు కట్టిన పది మిషన్లు. నాయకుడు ఒక మిషన్ మీద చెయ్యేసి ఫొటో దిగుతాడు. మర్నాడు పేపర్లో దళిత మహిళల సాధికారత అని అచ్చవుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ మిషన్ మీద తడిబట్టలు ఆరుతూ ఉంటాయి.

మిషన్ ఇవ్వడం తప్పని నేను అనటం లేదు. ఏ మిషన్ ఇస్తున్నారు, ఏ మిషన్ ఇవ్వటం లేదు అన్నదే నా ప్రశ్న.

ఒక్క లెక్క వెయ్యండి. అరవై గడపల పేటలో పదిహేను మిషన్లు ఉన్నాయనుకోండి. పదిహేను మందికీ నేర్పింది ఒకటే: జాకెట్టు, లంగా, చీరకి ఫాల్. కుట్టించుకునేది ఎవరు? మిగతా నలభై అయిదు గడపలు. వాళ్ల చేతిలో డబ్బులాడేది నాట్లప్పుడు, కోతలప్పుడు. ఊళ్లోవాళ్లు జాకెట్టు గుడ్డ పట్టుకుని మన పేటకి నడిచొస్తారా? 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద చేసిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. దళితుల ఒంటికి టేపు పెట్టి కొలత తియ్యడానికి ఒప్పుకోని దర్జీల సంగతి అందులో ఉంది. కొలత తియ్యడానికే మనల్ని ముట్టనివాళ్లు, మన చేత కొలత తీయించుకుంటారా? "మిసనిచ్చారు గానీ మాస్టారూ, గుడ్డెవులిస్తారు?" అని మన ఆడవాళ్లు అడుగుతున్నారు. ఫొటో దిగినవాళ్లెవరి దగ్గరా దీనికి జవాబు లేదు.

ఇక గవర్నమెంటు ఇచ్చే కుట్టుపని చూడండి. 2020 అక్టోబరులో మొదలైన విద్యా కానుకలో పిల్లలకి మూడు జతల యూనిఫాం గుడ్డ ఇచ్చారు. 2024లో పథకానికి విద్యార్థి మిత్ర అని పేరు మారింది. కుట్టుకూలి కింద మూడు జతలకి ఎనిమిదో తరగతి దాకా 120 రూపాయలు, తొమ్మిది, పది తరగతులకి 240 రూపాయలు పెట్టారు. అంటే చిన్నపిల్లల జతకి 40 రూపాయలు. కత్తిరింపు, కుట్టు, కాజాలు, గుండీలు, దారం అన్నీ ఆ నలభైలోనే. బ్యాగులు మాత్రం రాష్ట్రమంతటికీ ఒకే టెండరు వేసి పెద్ద కంపెనీల దగ్గర కొన్నారు. కష్టం ఎక్కువ, కూలి తక్కువ ఉన్న పని పల్లెకి వచ్చింది. లాభమున్న పని పల్లె మొహం చూడకుండా పోయింది.

ఇప్పుడు బజారుకి రండి. నర్సీపట్నంలోనే కాదు, అనకాపల్లి, తుని, ఎక్కడికెళ్లినా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ అని బోర్డులు కనపడతాయి. పెళ్లి జాకెట్లకి పూలు, నెమళ్లు ఒక్కటే కాదు అక్కడ పని. ప్రైవేటు బడి చొక్కా జేబు మీద బ్యాడ్జి, కాలేజీ బ్యాగు మీద పేరు, ఆసుపత్రి నర్సు కోటు మీద గుర్తు, హోటల్ కుర్రాడి చొక్కా మీద హోటల్ పేరు, పెట్రోలు బంకు, సెక్యూరిటీ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల యూనిఫాం, ఇవన్నీ ఆ పనే. ఇది ఒక సీజన్ పని కాదు. జూన్‌లో బడులు, తర్వాత కాలేజీలు, ఆపైన కంపెనీలు. ఏడాది పొడుగునా ఎవడో ఒకడు తన పేరు ఇంకొకడి గుండె మీద కుట్టిస్తూనే ఉంటాడు. ఆ బోర్డుల వెనక యజమానులుగా మనవాళ్లు ఎంతమంది? మీ ఊరి దగ్గర టౌనుకి వెళ్లి మీరే లెక్కపెట్టి రండి. జీతానికి దారాలు కత్తిరించేవాళ్లుగా మన అమ్మాయిలు కనపడతారు.

ఈ పనిలో ఒక చిన్న పనిముట్టు ఉంది. దాని పేరు క్లాంపు ఫ్రేము. దీని సంగతి మన సంఘాలకి తెలియాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మామూలు ఎంబ్రాయిడరీకి రింగు వాడతారు. రెండు చట్రాలు, ఒకటి కింద, ఒకటి పైన. మధ్యలో గుడ్డ పెట్టి నొక్కి, మర బిగిస్తే గుడ్డ డప్పు మీద తోలులా బిర్రుగా నిలబడుతుంది. విడిగుడ్డకి ఇది బాగా పనికొస్తుంది. కానీ కుట్టేసిన చొక్కా జేబుకి రింగు వేస్తే ఏమవుతుంది? జేబు గుడ్డ, వెనక చొక్కా గుడ్డ రెండూ కలిసి బిగుసుకుంటాయి. సూది రెండింట్లోంచీ దిగుతుంది. బ్యాడ్జి పడుతుంది, జేబు మూసుకుపోతుంది. పెన్ను కూడా పట్టదు. అందుకని జేబు విప్పి, బ్యాడ్జి కుట్టి, మళ్లీ జేబు అంటించాలి. ఒక పనికి మూడు పనులు. బ్యాగు సంగతీ అంతే. మందం గుడ్డ, లోపల లైనింగు, అంచున జిప్పు. అక్కడ రింగు మర బిగుసుకోదు. రెక్సిన్ మీద బలంగా బిగిస్తే గుండ్రంగా మచ్చ పడిపోతుంది.

క్లాంపు ఫ్రేముకి రెండు దవడలుంటాయి. కింది దవడ సన్నగా ఉండి జేబు లోపలికి దూరుతుంది. పై దవడ మధ్యలో కిటికీ ఉంటుంది. మీట నొక్కితే రెండూ కలిసి జేబు గుడ్డని అంచుల దగ్గర మాత్రం పట్టుకుంటాయి. మిషన్‌కి కింద సన్నటి చెయ్యిలాంటి భాగం ముందుకు చాచి ఉంటుంది. అది జేబులోపల ఉంటే, సూది పైనుంచి జేబు ఒక్కపొర మీదే పని చేస్తుంది. చొక్కా కింద వేలాడుతూ ఉంటుంది. బ్యాగుకి పెద్ద దవడలు వాడతారు.

ఇదేదో జపాన్ మాయ అనుకోకండి. మన తాతలు చెప్పు కుట్టేటప్పుడు ఏం చేశారు? తోలుని రెండు మోకాళ్ల మధ్య బిగించి, ఆరెతో పొడిచి, దారం లాగారు. మోకాళ్లు చేసిన పనే ఈ దవడలు చేస్తాయి. మాదిగల ఆరె, మాలల మగ్గం ఈ దేశానికి చెప్పూ గుడ్డా ఇచ్చాయి. అవి పట్టిన చేతులకి ఒంటిమీద చొక్కా, కాలికి చెప్పు లేకుండా చేసింది కులం.

ఇందులో మనకి పనికొచ్చే అసలు విషయం ఇది. రింగు విడిగుడ్డ అడుగుతుంది. విడిగుడ్డ ఎవరి దగ్గర ఉంటుంది? తాన్లు కొని చొక్కాలు తయారుచేసేవాడి దగ్గర. కాబట్టి రింగుతో మాత్రమే పని చేసినంతకాలం ఎంబ్రాయిడరీ వాడి షెడ్డులోనే ఉంటుంది. క్లాంపు తయారైన సరుకు అడుగుతుంది. చొక్కా ఎవరైనా కుట్టనీ, బ్యాగు ఏ ఊళ్లోనైనా తయారవనీ, చివరి గుర్తు ఇక్కడ పడొచ్చు. బట్టల ఫ్యాక్టరీ పెట్టే పెట్టుబడి మనకి లేదు. గుర్తు కుట్టే పెట్టుబడి నలుగురు కలిస్తే కూడుతుంది. ఫ్యాక్టరీ లేనివాడికి దారి తెరిచే పనిముట్టు ఇది.

బడి పంతుల్ని కాబట్టి లెక్క చెబుతాను. జేబు బ్యాడ్జిలో ఆరు వేల కుట్లు ఉన్నాయనుకుందాం. మందం గుడ్డలూ జేబులూ కుట్టేటప్పుడు మిషన్‌ని నెమ్మదిగా, నిమిషానికి 600 కుట్ల మీద నడిపిస్తే ఒక బ్యాడ్జికి పది నిమిషాలు. బిగించడానికి, తియ్యడానికి, దారాలు కత్తిరించడానికి మరో మూడు నిమిషాలు. గంటకి నాలుగున్నర. ఎనిమిది గంటల్లో, కరెంటు పోయే టైమూ దారం తెగే టైమూ తీసేస్తే ముప్పై. మూడు వందల మంది పిల్లల బడికి, తలకి రెండు చొక్కాలు, ఆరు వందల జేబులు. ఒక్క బడి ఒక్క మిషన్‌కి ఇరవై రోజుల పని. మన చుట్టూ నర్సీపట్నం, మాకవరపాలెం, గొలుగొండ, రోలుగుంట, నాతవరం, కోటవురట్లలో ఎన్ని ప్రైవేటు బడులున్నాయో మీకు తెలుసు.

కొనేముందు మూడు సంగతులు అడగాలి. ఒకటి, మిషన్ చెయ్యి చాచిన రకమా, బల్లలా చదునుగా ఉన్న రకమా? చదును రకానికి జేబు పని రాదు. రెండు, అమ్మేవాడు చూపించే క్లాంపు ఆ మిషన్‌కి సరిపోయేదేనా? ఒక కంపెనీ ఫ్రేము ఇంకో కంపెనీ మిషన్‌కి కూర్చోకపోవచ్చు. మూడు, దూరే చెయ్యి ఎంత వెడల్పు? పెద్దవాళ్ల చొక్కా జేబులో దూరేది ఒకటో తరగతి పిల్లాడి జేబులో దూరకపోవచ్చు. పనిలో కూడా జాగ్రత్తలున్నాయి. కుట్టేముందు డిజైను అంచు చుట్టూ ఫ్రేముని ఒకసారి ఉత్తినే తిప్పి చూసుకోవాలి. సూది దవడ ఇనుము మీద పడితే విరిగి కంట్లోకి ఎగురుతుంది. బ్యాగుని గాల్లో వేలాడనివ్వకుండా కింద బల్ల పెట్టాలి, లేకపోతే బరువుకి డిజైను జరిగిపోతుంది. రెక్సిన్, తోలు మీద కుట్లు మరీ దగ్గరగా వేస్తే పోస్టల్ స్టాంపు అంచులా చిరిగిపోతుంది. పదో తరగతి తప్పిన అమ్మాయి కూడా కొన్ని వారాల్లో ఇవన్నీ నేర్చుకోగలదు.

మిషన్ వచ్చినంత మాత్రాన విముక్తి వస్తుందని మాత్రం నేను చెప్పను. మన తెలుగు నేల మీదే ఒక పాఠం ఉంది. గోదావరి ఒడ్డున నర్సాపురం ఉంది కదా, మన నర్సీపట్నం కాదు, అక్కడి లేసు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు క్రైస్తవం పుచ్చుకున్న బీద ఆడవాళ్లకి లేసు అల్లిక నేర్పారు. అది పెరిగి పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. జర్మనీకి చెందిన మారియా మీస్ అక్కడ పల్లెల్లో తిరిగి చదివి 1982లో పుస్తకం అచ్చేసింది. ఆమె చూసిందేమిటి? దారం వ్యాపారి ఇస్తాడు. అల్లినది ఏజెంటు పట్టుకుపోతాడు. ఎంతకి అమ్ముడైందో అల్లిన మనిషికి తెలీదు. రోజంతా వేళ్లు అరగదీసుకున్న ఆడమనిషిని కూలీ అని కూడా అనలేదు, ఇంట్లో ఖాళీగా కూర్చునే గృహిణి, తీరిక వేళ అల్లుకుంటోంది అన్నారు. ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరొచ్చింది. అల్లిన చేతికి ఎంతొచ్చింది అన్నది ఇప్పటికీ అడగాల్సిన ప్రశ్నే.

నర్సాపురం పాఠం నర్సీపట్నానికి ఇది: పనిముట్టు మన దగ్గర ఉండి, దారం, డిజైను, ఆర్డరు ఇంకొకడి దగ్గర ఉంటే మనం కొత్తరకం కూలీలం అవుతాం. కాలు మిషన్ కూలీ పోయి కంప్యూటర్ మిషన్ కూలీ వస్తుంది, అంతే. కాబట్టి మూడు తాళాలూ కలిపి అడగాలి.

మొదటి తాళం మిషన్. దాని ధర కొన్ని లక్షలు, నిజమే. ఒక పేటకి ఇచ్చే పది కాలు మిషన్ల డబ్బుతో అది రాదు. ఒక నియోజకవర్గంలో పంచే మిషన్లన్నీ లెక్కేస్తే వస్తుంది. డబ్బులు లేవన్న మాట ఒప్పుకోకండి. 2013లో మన పోరాటాల మీద వచ్చిన ఉపప్రణాళిక చట్టం, ఎస్సీల జనాభా దామాషా ప్రకారం డబ్బు పక్కన పెట్టి నేరుగా ఎస్సీలకే ఖర్చు పెట్టాలంది. 2008లో పెట్టిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో పల్లెటూళ్లలో ఎస్సీలకి 35 శాతం సబ్సిడీ, సొంత వాటా 5 శాతమే అని రాశారు. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియాలో ప్రతి బ్యాంకు బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి పది లక్షల నుంచి కోటి దాకా అప్పివ్వాలన్నారు. 2025 మార్చితో దాని గడువు అయిపోయింది. మన మండలాల్లో ఏ బ్రాంచీ ఎవరికిచ్చింది? సమాచార హక్కు కింద అడగండి. 2025 బడ్జెట్లో మొదటిసారి వ్యాపారం పెట్టే అయిదు లక్షల మంది మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి రెండు కోట్ల దాకా అప్పులని కొత్త మాట చెప్పారు. ఆ మాట మన బ్యాంకు గుమ్మం దాకా వచ్చిందో లేదో అదీ అడగండి.

రెండో తాళం డిజైను. గీసిన బొమ్మని మిషన్‌కి అర్థమయ్యే కుట్ల లెక్కగా మార్చడం కంప్యూటర్ మీద చేసే పని. ఇది రానివాళ్లు ప్రతి బ్యాడ్జికీ బయటవాడికి డబ్బు కట్టి, వాడు ఇచ్చిందాకా ఎదురుచూస్తూ కూర్చోవాలి. డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్లలు మన పేటల్లో లేరా? వాళ్లలో అయిదుగురికి ఈ పని నేర్పించమని అడగండి. జాకెట్టు కత్తిరింపు శిక్షణ అని మూడు నెలలు కూర్చోబెట్టి సర్టిఫికెట్టు ఇచ్చే కార్యక్రమాలు చాలు. శిక్షణలో కూడా కింది మెట్టే మనకి కేటాయిస్తున్నారు. కులమంటే పనుల పంపకం ఒక్కటే కాదని, పనిచేసే మనుషుల్నే ఒకరి కింద ఒకర్ని నిలబెట్టే ఏర్పాటని అంబేడ్కర్ 1936లో కుల నిర్మూలనలో వాదించాడు. కాలు మిషన్ మనకి, కంప్యూటర్ మిషన్ వాళ్లకి అన్న పంపకంలో ఆ మెట్లే కనపడుతున్నాయి.

మూడో తాళం ఆర్డరు. గవర్నమెంటు హాస్టళ్లు, గురుకులాలు, ఆసుపత్రులు, మున్సిపాలిటీ కార్మికుల యూనిఫాం, ఇవన్నీ ప్రజల డబ్బుతో కొనేవి. వాటి మీద పేరు, గుర్తు కుట్టే పనిని మండలంలోని ఎస్సీ, ఎస్టీ మహిళా సంఘాలకే ఇవ్వాలని రాతపూర్వకంగా డిమాండు చెయ్యాలి. అలాగని గవర్నమెంటు కోసమే చూస్తూ కూర్చోనక్కర్లేదు. మొదటి ఆర్డరు మనమే ఇవ్వొచ్చు. ఏప్రిల్ 14కి సంచులు, కండువాలు, టోపీలు మనం ఎక్కడ చేయిస్తున్నాం? మహాసభలకి పంచే బ్యాగులు ఎవడి షాపు నుంచి వస్తున్నాయి? ఉద్యోగుల సంఘాలు, చర్చిలు, యువజన సంఘాలు ఏడాదికి ఒక్కసారి పెట్టే ఖర్చు మన వర్క్‌షాపుకి తిప్పితే మొదటి ఏడు గడుస్తుంది.

ఇక్కడ ఉద్యమ మిత్రులు కొందరు ఒక ప్రశ్న వేస్తారు. భూమి సమస్య, దాడుల సమస్య ఉండగా ఈ జేబులు, బ్యాగులు ఉద్యమం పనా? ఇది స్వచ్ఛంద సంస్థల పని కదా?

భూమే మొదటిది. దానికి నేను అడ్డు చెప్పను. కానీ 1991లో చుండూరులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఆగస్టు 6న నరికి చంపడానికి ముందు వాళ్లు మన మీద వాడిన ఆయుధం సాంఘిక బహిష్కరణ. పనిలోకి పిలవకుండా ఆకలితో లొంగదీయాలని చూశారు. 1985లో కారంచేడు నుంచి చీరాలకి పోయినవాళ్లకి కూడా మొదటి ప్రశ్న ఎక్కడ ఉండాలి, ఏం తినాలి అన్నదే. ఈ రోజుకీ పల్లెలో మనవాడు కేసు పెడితే మొదట తెగేది కూలి. రైతు పిలవకపోయినా వారం గడిచే సంపాదన మన ఆడవాళ్ల చేతిలో ఉంటే ఆ పేట రాజీ కాగితం మీద వేలిముద్ర వెయ్యదు. అందుకే ఈ పని ఉద్యమం పనే అంటున్నాను.

ఇంకో మాట. అచ్యుతాపురంలో వెయ్యి ఎకరాల్లో బట్టల సెజ్ ఉంది. ఈ జిల్లా పల్లెల నుంచి వేలమంది ఆడపిల్లలు బస్సులెక్కి అక్కడికి పోతున్నారు. చేతులకి వేగం వచ్చింది, మిషన్ అంటే భయం పోయింది. కానీ లైనులో కూర్చున్న పిల్ల ఏళ్ల తరబడి ఒకే కుట్టు వేస్తుంది. పెళ్లయ్యాకో, బిడ్డ పుట్టాకో మానేసి ఇంటికొచ్చాక ఆ ఒక్క కుట్టు ఎవరికి అమ్ముకుంటుంది? ఆ పిల్లలే మన వర్క్‌షాపుకి మొదటి పనివాళ్లు, మొదటి యజమానులు కావాలి. వాళ్లు పని నేర్చుకుని వచ్చినవాళ్లే. వాళ్లకి లేనిది సొంత మిషన్, సొంత డిజైను, సొంత ఆర్డరు బుక్కు.

వర్గీకరణ మీద మన మధ్య ఎన్ని వాదాలైనా ఉండొచ్చు. వాటిని వాదించుకుందాం. వర్క్‌షాపులో మాత్రం మాల పిల్ల, మాదిగ పిల్ల, రెల్లి పిల్ల ఒకే బెంచీ మీద కూర్చోవాలి. లెక్కల పుస్తకం అందరూ చదవాలి, అందరూ సంతకం పెట్టాలి. ఒక నాయకుడి పేరు మీద మిషన్ కొనడం, ఆ తర్వాత అది వాడింట్లో తేలడం మనం చూసిందే. మిషన్ సంఘం పేరు మీదే ఉండాలి.

మన పెద్దలకి జేబు లేదు. జేబు ఉండాలంటే చొక్కా ఉండాలి. చొక్కా తొడిగినవాణ్ణి విప్పించి నిలబెట్టిన ఊళ్లు ఈ దేశంలో ఎన్నో. అందుకే ఊరూరా మన విగ్రహంలో అంబేడ్కర్ కోటు తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని నిలబడ్డాడు. ఆ జేబు ఎవరి దయతోనూ రాలేదు. ఇప్పుడు మన పిల్లలకి జేబులున్నాయి, వాటి మీద బళ్ల పేర్లున్నాయి. ఆ పేర్లు కుట్టే పని, ఆ పనిమీద వచ్చే రూపాయి కూడా మనకి రావాలి.

ఈసారి ఏప్రిల్‌కి మీ పేటలో కాలు మిషన్లు పంచడానికి వస్తే సంఘంగా కూర్చుని ఒక కాగితం రాసి చేతిలో పెట్టండి. అందులో మూడే ముక్కలు: చెయ్యి చాచిన మిషన్, దానికి సరిపోయే క్లాంపు ఫ్రేములు. అయిదుగురు పిల్లలకి డిజైను శిక్షణ. హాస్టళ్ల యూనిఫాం ఆర్డరు. దాని మీద సంతకం పెట్టమనండి. సంతకం పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ఆ షామియానా కిందే, ఆ మైకులోనే అందరి ముందూ చెప్పమనండి.

జై భీమ్.